రమణ మహర్షి

రమణ మహర్షి (1879 డిసెంబర్ 30 - 1950 ఏప్రిల్ 14) తమిళనాడులోని తిరువణ్ణామలై (అరుణాచలం) క్షేత్రంలో యాభై సంవత్సరాలకు పైగా నివసించిన ఆత్మజ్ఞాని, అద్వైత తత్త్వ బోధకుడు. నేను ఎవరు అనే విచారణ ద్వారా మనస్సు యొక్క మూలాన్ని తెలుసుకోవడం ఈయన బోధలోని ప్రధానాంశం. జన్మతః తమిళుడైనా తెలుగు నేర్చుకొని, తెలుగులో రచన కూడా చేసినందువలన ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో ఈయనకు భక్తులు, పాఠకులు ఎక్కువ. జీవితంలోని చివరి పదునాలుగు నెలలకు పైగా ఈయన ఎడమ చేతికి వచ్చిన సార్కోమా అనే క్యాన్సర్‌తో బాధపడ్డాడు. నాలుగు శస్త్రచికిత్సలు జరిగినా వ్యాధి నయం కాలేదు. ముదిరిన క్యాన్సర్ ఉన్న మనిషి మానసిక ప్రశాంతత ఎలా ఉండగలదో, చుట్టూ ఉన్నవారి దుఃఖం ఎలా ఉంటుందో తెలిపే ఉదాహరణగా ఈ కాలాన్ని పరిశీలించవచ్చు.

బాల్యం, విద్య

రమణ మహర్షి మదురైకి దక్షిణంగా ఉన్న తిరుచ్చుళి గ్రామంలో సుందరమయ్యరు, అళగమ్మ దంపతులకు ఆరుద్రా దర్శనం పర్వదినాన జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేంకటరామన్. తండ్రి ఆ ఊరిలో న్యాయవాద వృత్తి చేసేవాడు. అన్న నాగస్వామి, తమ్ముడు నాగసుందరం, చెల్లెలు అలమేలు. 1892లో తండ్రి మరణించడంతో కుటుంబం చెదరిపోయింది. వేంకటరామన్, అతని అన్న మదురైలోని పినతండ్రి సుబ్బయ్యరు ఇంటికి చేరారు. అక్కడ స్కాట్స్ మిడిల్ స్కూలులోను, తరువాత అమెరికన్ మిషన్ హైస్కూలులోను వేంకటరామన్ చదువుకున్నాడు. చదువు కంటె ఆటల యందే ఇతనికి ఆసక్తి ఎక్కువ. నాయనార్ల చరిత్రలు తెలిపే పెరియపురాణం ఇంట్లో దొరికితే చదివి చలించిపోయాడు. అరుణాచలం నిజంగా ఉన్న ఒక ఊరని 1895లో బంధువు ఒకరి ద్వారా మొదటిసారి తెలుసుకున్నాడు.

మరణ భయం - ఆత్మ విచారణ

1896 జూలైలో, పదహారేళ్ళ వయసులో, మదురైలోని ఇంటి మేడ గదిలో ఒంటరిగా కూర్చుని ఉండగా, ఏ జబ్బూ లేకుండానే వేంకటరామన్‌ను తాను చనిపోతున్నానన్న తీవ్రమైన భయం ఆవరించింది. అతడు ఎవరినీ పిలువలేదు, వైద్యుని కోసం పరుగెత్తలేదు. చావు వచ్చిందంటే అర్థం ఏమిటి, చచ్చేది ఏది అని తనలో తానే ప్రశ్నించుకున్నాడు. శవం వలె కాళ్ళు చేతులు చాచి పడుకొని, పెదవులు బిగించి, ఊపిరి బిగపట్టి, ఈ శరీరాన్ని శ్మశానానికి తీసుకొనిపోయి కాల్చివేస్తే నేను కూడా పోతానా అని ఆలోచించాడు. శరీరం జడమైనదని, దానిని ఎరుగుతున్న నేను అనేది దానికి భిన్నమైనదని అతనికి అనుభవమైంది. ఆ క్షణంతో మరణ భయం శాశ్వతంగా పోయిందని మహర్షి తరువాతి కాలంలో వివరించాడు.

ఈ సంఘటనకు, యాభై మూడేళ్ళ తరువాత వచ్చిన వ్యాధికి మధ్య ఉన్న సంబంధాన్ని జీవితచరిత్రకారులు తరచు గుర్తుచేస్తారు. ఆరోగ్యంగా ఉన్న బాలుడు కొన్ని నిమిషాలలో తేల్చుకున్న ప్రశ్న, చివరికి వృద్ధుడైన రోగి ముందు నెలల తరబడి నిలిచింది.

అరుణాచలంలో తొలి సంవత్సరాలు

1896 ఆగష్టు 29న, అన్న కళాశాల రుసుము కట్టమని ఇచ్చిన ఐదు రూపాయలలో మూడు మాత్రం తీసుకొని, చీటీ ఒకటి వ్రాసి పెట్టి, వేంకటరామన్ ఇల్లు విడిచాడు. సెప్టెంబర్ 1న అరుణాచలం చేరాడు. మొదట అరుణాచలేశ్వరాలయంలోని వేయి స్తంభాల మండపంలోను, అల్లరి పిల్లల బాధ పడలేక ఆ మండపం క్రిందనున్న పాతాళ లింగం గుహలోను ఉన్నాడు. దేహస్పృహ లేక కూర్చున్న ఆ బాలునికి పురుగులు కుట్టి పుండ్లు పడ్డాయి. శేషాద్రి స్వామి మొదలైనవారు అతనిని కాపాడారు. తరువాత గురుమూర్తం, పవళక్కున్రు, 1899 నుండి 1916 వరకు విరూపాక్ష గుహ, 1916 నుండి 1922 వరకు స్కందాశ్రమం నివాసాలయ్యాయి.

ఈ కాలంలో ఆయన ఎక్కువగా మౌనంగా ఉండేవాడు. జిజ్ఞాసువులకు కాగితం పైన, పలక పైన, ఇసుకలో వ్రాసి సమాధానాలు చెప్పేవాడు. 1902లో శివప్రకాశం పిళ్ళై అడిగిన ప్రశ్నలకు అలా ఇచ్చిన సమాధానాలే నేనెవరు అనే చిన్న పుస్తకంగా ప్రసిద్ధి పొందాయి.

దుఃఖంలో ఉన్నవారు మొదటి నుండి ఆయనను వెతుక్కుంటూ వచ్చేవారు. భర్తను, పిల్లలను వరుసగా పోగొట్టుకున్న ఎచ్చమ్మ అనే మహిళ విరూపాక్ష గుహకు వచ్చి, ఆయన సన్నిధిలో మౌనంగా కూర్చుని ఊరట పొందింది. నాటి నుండి 1945లో తాను మరణించే వరకు రోజూ ఆయనకు భోజనం తెచ్చి పెట్టింది. ఆయన ఆమెకు సుదీర్ఘమైన వేదాంతం చెప్పలేదు. దుఃఖించే మనిషి పక్కన తొందరపెట్టకుండా, తీర్పు చెప్పకుండా కూర్చోవడమే అక్కడ జరిగింది.

తెలుగువారితో అనుబంధం

బొబ్బిలి సమీపంలోని కలువరాయి గ్రామానికి చెందిన కావ్యకంఠ గణపతి ముని (1878-1936) గొప్ప సంస్కృత విద్వాంసుడు. ఎంత జపతపాలు చేసినా తపస్సు స్వరూపం బోధపడక 1907 నవంబర్ 18న విరూపాక్ష గుహకు వెళ్ళి మహర్షిని ప్రార్థించాడు. నేను అనే తలపు ఎక్కడ నుండి పుట్టుతున్నదో చూడమన్న ఉపదేశం పొంది, భగవాన్ శ్రీ రమణ మహర్షి అన్న పేరును ఆయనే ప్రకటించాడు. అంతవరకు బ్రాహ్మణ స్వామి అని పిలువబడుతున్న వ్యక్తి లోకానికి రమణ మహర్షిగా తెలియడానికి ఈ విధంగా ఒక తెలుగువాడు కారణమయ్యాడు.

మహర్షి తెలుగు, సంస్కృతం, మలయాళం భాషలు తిరువణ్ణామలైలో, భక్తుల సాంగత్యంలోనే నేర్చుకున్నాడు. 1927లో తమిళంలో రచించిన ఉపదేశ సారాన్ని ఆయనే తెలుగు, సంస్కృత, మలయాళ భాషలలోకి తెచ్చాడు. కృష్ణభిక్షు రచించిన శ్రీ రమణలీల తెలుగులో ప్రసిద్ధమైన జీవితచరిత్ర.

గుంటూరు జిల్లా కొలనుకొండలో జన్మించిన సూరి నాగమ్మ బాల్యంలోనే వితంతువై, ఎన్నో ఏళ్ళు విచారంలో గడిపి 1941లో ఆశ్రమానికి చేరింది. ఆశ్రమ విశేషాలను 1945 నుండి తన అన్నకు తెలుగులో ఉత్తరాలుగా వ్రాసింది. శ్రీ రమణాశ్రమ లేఖలు అనే పేరుతో ప్రచురింపబడిన ఈ ఉత్తరాలు, ఆమె తరువాతి జ్ఞాపకాలు మహర్షి చివరి సంవత్సరాలకు తెలుగులో ఉన్న ముఖ్యమైన ఆధారాలు.

తల్లి అంతిమ ఘడియలు

1898లో తల్లి అళగమ్మ పవళక్కున్రుకు వచ్చి ఇంటికి రమ్మని ఎంత ఏడ్చినా మహర్షి కదలలేదు. అయితే 1914లో ఆమె తన వద్దకు వచ్చి తీవ్రమైన జ్వరంతో మంచం పట్టినప్పుడు స్వయంగా సేవ చేశాడు. ఆమెకు నయం చేయమని అరుణాచలేశ్వరుని కోరుతూ పద్యాలు కూడా వ్రాశాడు. జ్ఞాని అయినవాడు ఆప్తుల ఆరోగ్యం కోసం ప్రార్థించకూడదన్న నియమం ఏదీ ఆయన పెట్టుకోలేదు.

1916 నుండి తల్లి కొడుకు వద్దనే ఉండిపోయింది. 1922 మే 19న ఆమెకు అవసాన కాలం సమీపించింది. మహర్షి ఆ రోజంతా ఆమె ప్రక్కన కూర్చుని, కుడి చేయి ఆమె గుండె మీద, ఎడమ చేయి తల మీద ఉంచి, రాత్రి ఆమె ప్రాణం పోయే వరకు కదలలేదు. ఆమెను కొండ దిగువన సమాధి చేశారు. కొద్ది నెలలకు మహర్షి కూడా అక్కడికి దిగివచ్చాడు. ఆ సమాధి చుట్టూ వెలసినదే నేటి శ్రీ రమణాశ్రమం. మరణిస్తున్నవారిని ఒంటరిగా వదలకుండా చేతి స్పర్శతో తోడుండడం ఆయన ఆచరించి చూపిన విషయం. తరువాత ఆశ్రమంలోని లక్ష్మి అనే ఆవు 1948 జూన్ 18న మరణించినప్పుడు కూడా ఆయన దాని తల తన చేతిలోకి తీసుకొని ప్రక్కన కూర్చున్నాడు.

ఆశ్రమ జీవితం

రమణాశ్రమంలో మహర్షికి ప్రత్యేకమైన జీవితం ఏదీ లేదు. తెల్లవారక ముందే లేచి వంటశాలలో కూరలు తరిగేవాడు. పంక్తిలో అందరితో కలిసి భోజనం చేసేవాడు, తనకు మాత్రమే వడ్డించిన పదార్థాన్ని తినేవాడు కాదు. పుస్తకాలకు అట్టలు వేయడం, అచ్చు ప్రతులు సరిచూడడం స్వయంగా చేసేవాడు. కోతులు, ఉడుతలు, నెమళ్ళు, కుక్కలు ఆయన పరివారంలో భాగం. 1931లో వచ్చిన ఆంగ్ల రచయిత పాల్ బ్రంటన్ 1934లో ప్రచురించిన పుస్తకం వలన ఆయన పేరు పాశ్చాత్య దేశాలకు తెలిసింది. 1949 మార్చి 17న తల్లి సమాధిపై నిర్మించిన మాతృభూతేశ్వరాలయానికి కుంభాభిషేకం జరిగింది. అప్పటికే ఆయన చేతికి ఒక శస్త్రచికిత్స జరిగి ఉంది.

అస్వస్థత

1948 చివరలో మహర్షి ఎడమ మోచేతి క్రింద చిన్న గడ్డ ఒకటి కనిపించింది. 1949 ఫిబ్రవరి 9న ఆశ్రమంలోనే వైద్యులు దానిని కోసి తీసివేశారు. నెల తిరుగక ముందే అది మరింత పెద్దదిగా, మరింత నొప్పితో తిరిగి వచ్చింది. మార్చి 27న మద్రాసు నుండి వచ్చిన శస్త్రవైద్యులు రెండవసారి శస్త్రచికిత్స చేశారు. అది సార్కోమా అని తేలింది. ఎముక, కండరం, కొవ్వు వంటి కణజాలాలలో పుట్టే ఈ క్యాన్సర్ సాధారణ క్యాన్సర్ల కంటె అరుదైనది. ఆ కాలంలో దీనికి ఉన్న చికిత్సలు శస్త్రచికిత్స, రేడియం కిరణాలు మాత్రమే. నేడు వాడుకలో ఉన్న కీమోథెరపీ మందులు అప్పటికి దాదాపు లేవు.

రేడియం చికిత్స ఇచ్చినా గాయం మానలేదు, కణితి పైకి ప్రాకసాగింది. చేతిని పూర్తిగా తీసివేయడం ఒక్కటే మార్గమని వైద్యులు సూచించారు. మహర్షి దీనికి అంగీకరించలేదు. శరీరమే ఒక వ్యాధి అని, దాని ముగింపు అది సహజంగా చూసుకుంటుందని, దానిని ఖండించవలసిన పని లేదని, కట్టు కడితే చాలునని చెప్పాడు.

ఆ తరువాత మూలికా వైద్యుని ఆకుపసరు కట్లు ప్రయత్నించారు. ఆగష్టు 7న మూడవ శస్త్రచికిత్స జరిగింది. కొంతకాలం నయమైనట్లు కనిపించినా గడ్డ భుజం దగ్గరకు వ్యాపించింది. డిసెంబర్ 19న జరిగిన నాలుగవ శస్త్రచికిత్స తరువాత, ఇక చేయగలిగినది లేదని వైద్యులు గ్రహించారు. తరువాత హోమియోపతి, ఆయుర్వేదం వంటి పద్ధతులను కూడా వరుసగా అనుసరించారు.

చికిత్స పట్ల వైఖరి

మహర్షి చికిత్సను కోరలేదు, నిరాకరించనూ లేదు. తనకంటూ చికిత్స అవసరం లేదని, అయితే చుట్టూ ఉన్నవారు కోరుతున్నారు కాబట్టి వారి తృప్తి కోసం అంగీకరిస్తున్నానని ఆయన భావం. ఒక వైద్యుని మందు మాని మరొకరి మందు వాడవలసి వచ్చినప్పుడు మొదటివారి మనస్సు నొచ్చుకోకుండా జాగ్రత్తపడేవాడు. అంగచ్ఛేదం విషయంలో మాత్రం తన నిర్ణయానికి కట్టుబడ్డాడు.

తన ఇచ్ఛాశక్తితో వ్యాధిని తానే నయం చేసుకోవాలని పలువురు భక్తులు ప్రార్థించారు. ఆ వ్యాధిని తమకు ఇవ్వమని కోరినవారు కూడా ఉన్నారు. ఆయన అటువంటి అద్భుతం ఏదీ చేయలేదు, చేస్తానని ఆశ పెట్టలేదు. తన మహిమ వలన రోగం తగ్గుతుందన్న ప్రచారానికి ఆయన జీవితంలో ఎక్కడా తావు లేదు.

బాధ, ప్రశాంతత

మహర్షికి నొప్పి తెలియలేదని అనుకోవడం సరికాదు. కణితి పగిలి రక్తం కారేది, శరీరం క్షీణించింది, రక్తహీనత ఏర్పడింది. శరీరానికి బాధ ఉన్నదన్న విషయాన్ని ఆయన కాదనలేదు. అయితే ఆ బాధ చుట్టూ భయం, విచారం, నాకే ఎందుకు వచ్చిందన్న ప్రశ్న, మరొకరిపై కోపం ఆయనలో కనిపించలేదని దగ్గర ఉన్నవారందరూ వ్రాశారు. నొప్పి ఒకటి, నొప్పి వలన కలిగే దుఃఖం మరొకటి అన్న భేదం ఆయన ప్రవర్తనలో స్పష్టంగా కనిపిస్తుంది.

వ్యాధి కాలంలో కూడా ఆయన దినచర్యను వీలయినంత వరకు వదలలేదు. నడవగలిగినంత కాలం నడిచాడు. వైద్యులు విశ్రాంతి అవసరమని చెప్పినా భక్తుల దర్శనాన్ని పూర్తిగా ఆపివేయడానికి ఒప్పుకోలేదు. చివరి నెలలలో ఒక చిన్న గదిలో ఉండగా, ఉదయం, సాయంకాలం భక్తులు వరుసగా ఆ గది ముందు నుండి నడిచి దర్శనం చేసుకునేవారు. ఈ గదిని ఇప్పుడు నిర్వాణ గది అంటారు. హాస్య ధోరణి కూడా ఆయనను విడువలేదు.

భక్తుల మనస్థితి

రోగి ప్రశాంతంగా ఉన్నా ఆశ్రమం ప్రశాంతంగా లేదు. కొందరు ఏడ్చారు, కొందరు పారాయణలు, జపాలు చేశారు, కొందరు ఏ చికిత్స మంచిదన్న విషయమై వాదులాడుకున్నారు. ముదిరిన వ్యాధి ఉన్న ప్రతి ఇంటిలో కనిపించే పరిస్థితే ఇది. రోగి కంటె అతని చుట్టూ ఉన్నవారు ఎక్కువగా కలవరపడడం, ఇంకా ఏదో చేయకపోతే అపచారం అన్న భావన, వైద్యం మార్చి వైద్యం చేయించడం ఇందులో భాగం.

మహర్షి వీరి దుఃఖాన్ని తప్పుపట్టలేదు. శరీరాన్నే తానని వారు భావిస్తున్నందువలన తాను పోతానని విచారిస్తున్నారని, తాను ఎక్కడికి పోగలడని, ఇక్కడే ఉంటానని వారిని ఓదార్చాడు. ఆ ఓదార్పు చాలామందికి తరువాతి కాలంలో ఆధారమైంది. అయినా సూరి నాగమ్మ వంటి సన్నిహితుల జ్ఞాపకాలలో ఆ దుఃఖం దాచకుండా కనిపిస్తుంది. గురువు మాట నమ్మడం, గురువు పోయినందుకు దుఃఖించడం రెండూ ఒకే మనిషిలో ఉండవచ్చునని ఈ రచనలు తెలుపుతాయి.

నిర్యాణం

1950 ఏప్రిల్ రెండవ వారానికి మహర్షి పూర్తిగా బలహీనపడ్డాడు. ఏప్రిల్ 13న ఊపిరితిత్తులలో చేరిన నిమ్మును తగ్గించడానికి వైద్యుడు మందు తీసుకొని రాగా, ఇక అవసరం లేదని, రెండు రోజులలో అంతా సరి అవుతుందని ఆయన చెప్పాడు. నెమళ్ళ అరుపు విని, వాటికి మేత వేశారా అని ఆ చివరి రోజులలో కూడా విచారించాడు. ఏప్రిల్ 14న సేవకులలో ఒకరికి ధన్యవాదం తెలిపాడు.

ఆ సాయంకాలం భక్తులందరూ దర్శనం చేసుకున్నారు. సూర్యాస్తమయం తరువాత తనను లేపి కూర్చోబెట్టమని కోరాడు. వైద్యుడు ప్రాణవాయువు పెట్టబోగా కుడి చేతితో వద్దని సైగ చేశాడు. బయట వరండాలో కూర్చున్న భక్తులు, ఆయన విరూపాక్ష గుహలో ఉన్న కాలంలో రచించిన అక్షర మణమాలను పాడడం ఆరంభించారు. అది విని ఆయన కళ్ళు తెరచాడు, కంటి కొనల నుండి ఆనందబాష్పాలు జారాయి. ఇక ఏ పెనుగులాట లేకుండా రాత్రి 8 గంటల 47 నిమిషాలకు శ్వాస ఆగిపోయింది. ఆ సమయంలో ఆకాశంలో ప్రకాశవంతమైన ఉల్క ఒకటి కదలిపోవడం చాలామంది చూశారు. అప్పుడు అక్కడ ఉన్న ఫ్రెంచి ఛాయాచిత్రకారుడు హెన్రీ కార్టియర్ బ్రెస్సన్ ఆ ఉల్కను చూసిన సమయాన్ని నమోదు చేశాడు. మరునాడు మహర్షి దేహాన్ని ఆశ్రమంలోనే సమాధి చేశారు.

ఉపశమన చికిత్స దృష్టితో

మహర్షి మరణించిన తరువాతి దశాబ్దాలలో, నయం కాని వ్యాధులు ఉన్నవారి సంరక్షణ వైద్యశాస్త్రంలో ఒక ప్రత్యేక శాఖగా రూపొందింది. ఇంగ్లండుకు చెందిన సిసిలీ సాండర్స్ 1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించింది. ముదిరిన క్యాన్సర్ రోగి బాధ ఒక్క శరీరానిది కాదని, అందులో మానసిక, సామాజిక, ఆధ్యాత్మిక బాధలు కూడా కలిసి ఉంటాయని ఆమె వివరించింది. దీనినే సంపూర్ణ బాధ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లో క్యాన్సర్ నొప్పికి మెట్లవారీగా మందులు వాడే పద్ధతిని ప్రచురించింది. 2002లో ఆ సంస్థ ఇచ్చిన ఉపశమన చికిత్స నిర్వచనంలో ఆధ్యాత్మిక సమస్యలను కూడా చేర్చింది. భారతదేశంలో మొదటి హాస్పిస్ అయిన శాంతి ఆవేదన సదన్ 1986లో ముంబైలో ఆరంభమైంది.

న్యూయార్కులో మరణావస్థలో ఉన్న 160 మంది క్యాన్సర్ రోగులపై జరిగిన పరిశీలన ఒకటి 2003లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. జీవితానికి అర్థం ఉన్నదన్న భావన, మనశ్శాంతి కలిగినవారిలో నిస్పృహ, త్వరగా చావు రావాలన్న కోరిక తక్కువగా ఉన్నాయని అందులో తేలింది. అదే సమయంలో, మతభావన ఎల్లప్పుడు మేలే చేయదని కూడా మనస్తత్వ శాస్త్రవేత్తలు గుర్తించారు. దేవుడు తనను శిక్షిస్తున్నాడని, తనను విడిచిపెట్టాడని భావించే రోగులు ఎక్కువ మానసిక వేదన అనుభవిస్తారు.

మన ప్రాంతంలో క్యాన్సర్ వచ్చినవారిని పూర్వజన్మ పాపమనో, ఎవరి శాపమనో అనడం వినిపిస్తుంది. మహర్షి జీవితం ఈ అభిప్రాయానికి సూటి సమాధానం. ఎంతోమంది పూజించిన వ్యక్తికి కూడా అదే వ్యాధి వచ్చింది, అదే విధంగా ముదిరింది. వ్యాధి రావడం ఎవరి తప్పు కాదు, నయం కాకపోవడం భక్తి లోపం కాదు.

ఆయన ప్రశాంతతను సామాన్య రోగికి కొలబద్దగా పెట్టడం కూడా సరికాదు. ఆయన అర్ధ శతాబ్దపు సాధన, ఏకాంతం, వందల మంది సేవ అందరికీ ఉండవు. నొప్పితో కేకలు వేసే రోగిని మహర్షిలా ఓర్చుకోమనడం దయ కాదు. నొప్పి ఉన్నవారికి మార్ఫిన్ వంటి మందులు ఇవ్వాలి. వీటిని వైద్య అవసరాలకు సులభంగా అందించడం కోసం మాదక ద్రవ్యాల చట్టాన్ని భారత ప్రభుత్వం 2014లో సవరించింది. నిద్ర పట్టకపోవడం, ఎవరితోను మాట్లాడకపోవడం, బ్రతుకు మీద విరక్తి వంటి లక్షణాలు కుంగుబాటుకు గుర్తులు కావచ్చు. దీనికి చికిత్స ఉన్నది, ఇది వైరాగ్యం అని పొరబడకూడదు.

అయినా ఆయన చివరి రోజుల నుండి ఏ ఇల్లయినా నేర్చుకోదగినవి కొన్ని ఉన్నాయి. చికిత్స ఎంతవరకు అన్న విషయంలో రోగి మాట వినడం, నయం చేస్తామన్న అబద్ధపు ఆశ పెట్టకపోవడం, మరణిస్తున్నవారి ప్రక్కన చేయి పట్టుకుని కూర్చోవడం, వారికి ఇష్టమైన పాట వినిపించడం, మనుషులను చూడాలని ఉంటే చూడనివ్వడం అటువంటివి. వీటికి ఖర్చు లేదు, వేదాంత పాండిత్యం అవసరం లేదు.

ఉత్తర తెలంగాణలో ఈ విషయానికి ప్రాముఖ్యం ఉన్నది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి 1955 నుండి పేద రోగులకు ముఖ్యమైన ఆధారంగా ఉంది. ఉట్నూర్ వంటి ఏజెన్సీ ప్రాంతాల వారికి అది వందల కిలోమీటర్ల దూరం. ఇక చేయగలిగినది లేదని చెప్పి ఇంటికి పంపిన రోగికి మిగిలే వైద్యం చాలావరకు ఇంటివారే చేయాలి. శరీరానికి మందు, మనస్సుకు తోడు రెండూ ఇంటి వద్దనే అందడం అటువంటి చోట మరింత అవసరం.

స్మృతి

1950 తొలి నెలలలో, మహర్షి చివరి రోజులలో, ప్రసిద్ధ తెలుగు రచయిత గుడిపాటి వెంకటచలం తన కుటుంబంతో తిరువణ్ణామలై చేరాడు. మహర్షి నిర్యాణం తరువాత కూడా వెళ్ళిపోకుండా, 1979లో తాను మరణించే వరకు అక్కడే ఉన్నాడు. సూరి నాగమ్మ కూడా తన జ్ఞాపకాలను తెలుగులో గ్రంథస్థం చేసింది. ఆర్థర్ ఆస్బోర్న్ ఆంగ్లంలో వ్రాసిన జీవితచరిత్ర 1954లో వెలువడింది.

మహర్షి సమాధి, ఆయన చివరి రోజులు గడిపిన గది శ్రీ రమణాశ్రమంలో సందర్శకులకు అందుబాటులో ఉన్నాయి. ఏటా ఆయన జయంతి, ఆరాధన దినాలు జరుపుతారు. అరుణాచల గిరి ప్రదక్షిణకు వెళ్ళే వేలాది తెలుగువారిలో చాలామంది ఆ చిన్న గది కిటికీ వద్ద కాసేపు నిలుస్తారు. నాలుగు శస్త్రచికిత్సల తరువాత ఒక వృద్ధ రోగి, తన కోసం ఏడుస్తున్నవారిని తానే ఓదార్చిన చోటు అది.